మళ్ళీ జబ్బు పడటానికి

మా అత్త మబీలియా మంచం పట్టిన వసంతంలో, మా పెత్రమోరా ఊళ్ళో ఎవరూ కోట మీది జెండా చూసుకోకుండా గడప దాటేవారు కాదు. రెండు పక్షాల జెండాల మీదా లిల్లీ పూలే ఉండేవి. చుట్టూ ఎర్ర అంచు ఉంటే లూయీ రాజుది. పైన ఎర్ర పట్టీ ఉంటే చార్లెస్ రాజుది. గాలి లేని రోజు జెండా కర్రకు చుట్టుకుపోయి ఏదీ తెలిసేది కాదు. అలాంటి రోజు సంతలో జనం గొంతు తగ్గించి, ఉల్లిపాయల గురించీ వానల గురించీ మాత్రమే మాట్లాడుకునేవారు.

రాజులు కొట్టుకోవడం మాకు కొత్త కాదు. ఈసారి రాజుకొక పోపు ఉండటమే కొత్త. లూయీ రాజు అవిన్యోనులో ఉండే క్లెమెంట్ పోపు మనిషి. చార్లెస్ రాజు రోములో ఉండే ఉర్బన్ పోపు మనిషి. ఆ పోపు ఈ పోపును వెలివేశాడు, ఈ పోపు ఆ పోపును వెలివేశాడు, వాళ్ళ వాళ్ళ మనుషులందర్నీ కలిపి వెలివేశారు. ఆ లెక్కన మా ఊళ్ళో వెలి పడని ప్రాణి మేకలే.

మా ఇంట్లో ఆ గొడవ ఒకే బల్ల దగ్గర కూర్చుని అన్నం తినేది. నా పెద్ద మరిది రైనాల్దో కోటలో కాపలావాడు. అప్పుడు కోట లూయీ రాజు చేతిలో ఉంది కాబట్టి అతనికి క్లెమెంటే పోపు. చిన్న మరిది సబీనో రాతిగోడలు కట్టేవాడు. కింద మైదానంలోని పట్నంలో పని దొరికేది, అక్కడ అందరూ రోము పక్షం, కాబట్టి అతనికి ఉర్బనే పోపు. ఇద్దరూ ఒకే గిన్నెలోంచి చిక్కుడు గింజల ముద్ద తీసుకుంటూ ఒకర్నొకరు నరకానికి పంపుకునేవారు.

"గట్టిగా అరవకండిరా, ముద్ద చల్లారిపోతోంది," అనేది అత్త. ఆమె అంతకుమించి పోపుల గురించి మాట్లాడగా నేను వినలేదు.

నా భర్త వాళ్ళకి అన్న. ఓడలో ద్రాక్షసారా పీపాలతో వెళ్ళి తిరిగి రాలేదు. అతనికి సమాధి లేదు. అందుకే అత్త కోరిక ఏమిటో నాకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. పెద్ద మహమ్మారి వచ్చిన ఏడు, మేమెవరమూ పుట్టకముందు, ఆమె నలుగురు పిల్లలు ఒకరి వెనక ఒకరు పోయారు. మోసేవాళ్ళు దొరక్క ఆమే వాళ్ళను చాపలో చుట్టి మోసుకెళ్ళి, గుడి వెనక సమాధుల తోటలో, ఉత్తరం గోడ పక్కన పూడ్చింది. వాళ్ళ పక్కన తనకి సరిపడా చోటు ఉందని ఎప్పుడూ చెప్పేది. ఆ చోటులో వేరే ఎవర్నైనా పూడుస్తారేమోనని ఏటా ఏసు తిరిగి లేచిన పాస్కా పండుగకి వెళ్ళి చూసొచ్చేది.

ఆ వసంతంలో జ్వరం తగులుకుంది. ముందు రాత్రిళ్ళు వచ్చేది, తరవాత పగలు కూడా వదల్లేదు. రొట్టె ద్రాక్షసారాలో నానబెట్టి ఇచ్చినా నోట్లోంచి జారిపోయేది. నేను మా ఊరి గురువు బిజాన్సియో స్వామి దగ్గరికి వెళ్ళి, వచ్చి, పోయే మనిషికి పెట్టే చివరి నూనె పెట్టమని అడిగాను.

"జ్వరమే కదా తల్లీ, తగ్గుతుందిలే," అన్నాడాయన, నా కళ్ళలోకి చూడకుండా.

"తగ్గే జ్వరమైతే మీ దగ్గరికెందుకొస్తాను స్వామీ? మందుల బామ్మ దగ్గరికే వెళ్దును."

"రేపు చూద్దాం."

ఆయన బాధ నాకు తెలుసు. ఏటా పాస్కా ముందు గురువారం బిషప్పు నూనె దీవిస్తాడు. ప్రతి గుడి నుంచీ ఎవరో ఒకరు వెళ్ళి ఒక సీసాడు తెచ్చుకుంటారు. నిరుటి నూనె గుడి దీపంలో పోసి కాల్చేస్తారు. పుట్టిన బిడ్డకీ, పోయే మనిషికీ ఏడాదంతా ఆ కొత్త నూనే. ఆ ఏడు మాత్రం మైదానంలోని బిషప్పు దగ్గరి నుంచి గంటలు కొట్టేవాడు ఒక సీసా తెచ్చాడు. కొండ అవతలి మఠంలో లూయీ రాజు సైన్యంతో దిగిన ఇంకో బిషప్పు దగ్గరి నుంచి కోటవాళ్ళు ఇంకో సీసా తెచ్చారు. పాత నూనె అప్పటికే కాలిపోయింది. రెండింటిలో ఏది వాడినా ఎవరో ఒకరు బిజాన్సియో స్వామి మెడ పట్టుకుంటారు. అందుకని ఎవరికీ ఏ జబ్బూ లేనట్టే ఆయన తిరుగుతున్నాడు.

చివరికి రైనాల్దో వెళ్ళి ఆయన్ని జబ్బ పట్టుకుని తీసుకొచ్చాడు. స్వామి మెడలో పట్టీ వేసుకుని, చిన్న సీసా ఒకటి చేతిలో పట్టుకుని అత్త మంచం దగ్గర నిలబడ్డాడు. సబీనో తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరి నూనె స్వామీ అది?" అన్నాడు సబీనో.

"దేవుడి నూనె నాయనా."

"దేవుడు సీసాల్లో పోసి పంపడు కదా. ఎవరు పంపారు?"

బిజాన్సియో స్వామి సీసాని ఛాతీకి హత్తుకున్నాడు. "మీ అన్నదమ్ములిద్దరికీ మనసు నొప్పి కలక్కుండా చేశాను. రెండూ ఇందులోనే ఉన్నాయి."



"కలిపేశారా?" అన్నాడు రైనాల్దో.

"కలిపాను. తప్పేముంది? దీవించిన నూనె చాలకపోతే మామూలు నూనె కలుపుకోవచ్చని పెద్దలే చెప్పారు. రెండిట్లో ఒకటి నిజంగా దీవించింది, ఇంకోటి వట్టి నూనె అనుకుందాం. ఏది ఏదైనా సరే, మంచిది దాంతో కలిసి మొత్తం మంచిదైపోతుంది. కాకపోతే పోసే వట్టి నూనె, దీవించిన దానికంటే తక్కువ..." ఆయన అక్కడ ఆగిపోయాడు.

"తక్కువ?" అన్నాడు సబీనో.

"తక్కువ ఉండాలి," అన్నాడు స్వామి, గొంతు సన్నగిల్లి.

"మరి మీరు ఏది ఎంత పోశారు?"

"చెరిసగం. ఎవరికీ అన్యాయం జరక్కూడదని, కొలిచి మరీ పోశాను."

"అయితే ఇప్పుడు ఇది దేనికి పనికొస్తుంది? తలుపు బందులకు రాయడానికా?" రైనాల్దో చేతులు తల మీద పెట్టుకున్నాడు. "మా అమ్మ పోతోంది, మీరు న్యాయం చేస్తూ కూర్చున్నారు!"

"నాన్నా, నన్నేం చెయ్యమంటావు? పోపుని ఎన్నుకునే కార్డినళ్ళకే తేలలేదు, నాకెలా తేలుతుంది?"

ఇద్దరు అన్నదమ్ములూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఒకడు రోము అంటాడు, ఒకడు అవిన్యోను అంటాడు. నేను అత్త నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాను. ఆమె కళ్ళు తెరిచి నా మణికట్టు పట్టుకుంది.

"ఏమే, కోట మీద ఎవరి జెండా ఉంది?"

"ఎర్ర అంచుది అత్తా. లూయీ రాజుది."

"సమాధుల తోట తాళం ఎవరి దగ్గరుంది?"

"కోట దళపతి దగ్గర."

ఆమె స్వామి వైపు తల తిప్పింది. "అయితే ఆయన పోపుది ఇంకాస్త పొయ్యి. అదే ఎక్కువయ్యేలా."

"అమ్మా!" సబీనో మంచం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తాళం సంగతి కాదమ్మా. రేపు పైకి వెళ్ళాక వాళ్ళు అడిగితే?"

"పైన నాకు తెలిసినవాళ్ళు ఎవరున్నార్రా? నా పిల్లలు గోడ పక్కనున్నారు. ముందు వాళ్ళ దగ్గరికి చేరనీ. అక్కణ్ణుంచి ఎటు పొమ్మంటే అటు పోతాను."

బిజాన్సియో స్వామి సిలువ గుర్తు వేసుకుని, గుడికి పరుగెత్తి, మఠం నుంచి వచ్చిన సీసా తెచ్చి ఇంకాస్త పోశాడు. కళ్ళకీ, చెవులకీ, ముక్కుకీ, పెదవులకీ, చేతులకీ, పాదాలకీ నూనె పెట్టాడు. సబీనో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు కానీ గదిలోంచి వెళ్ళలేదు.

అత్త చనిపోలేదు.

మా ఊళ్ళో చివరి నూనె పెట్టించుకున్న మనిషి చనిపోయినట్టే లెక్క. ఆ తరవాత పొరపాటున బతికినా, ఒట్టి కాళ్ళు నేలకి తగలకూడదు, మాంసం ముట్టకూడదు, పెళ్ళిలో ఆడకూడదు. నూనె తగిలిన పాదం నేల మీద పడితే ఆ ఏడు పైరు మాడిపోతుందంటారు. ఇరుగుపొరుగు వచ్చి అత్త చేయి ముద్దు పెట్టుకుని, పోయినవాళ్ళకి చెప్పమని కబుర్లు చెప్పి వెళ్ళారు. ఎదురింటి గైతెల్గ్రీమా అయితే తన మొగుడికి చెప్పమని తిట్లు కూడా పంపింది. అత్త అన్నీ విని, కళ్ళు మూసుకుని, మరునాడు మళ్ళీ తెరిచేది.

ఇంతలో ఒక పొద్దున లేచి చూస్తే కోట మీద జెండా లేదు. లూయీ రాజు మనుషులు తెల్లవారకముందే గుర్రాల కాళ్ళకి గుడ్డలు చుట్టి వెళ్ళిపోయారు. రైనాల్దో కూడా కనపడలేదు. మధ్యాహ్నానికి చార్లెస్ రాజు దళం వచ్చింది. పైన ఎర్ర పట్టీ ఉన్న జెండా ఎగిరింది. కొత్త దళపతి సంత మధ్యలో డప్పు కొట్టించి చెప్పించాడు: దొంగ పోపు నూనె పెట్టించుకుని చచ్చినవాళ్ళకి సమాధుల తోటలో చోటు లేదు.

ఉత్తమాటలని కొందరు అనుకున్నారు. ఆ వారంలోనే జీనులు కుట్టే లెయూచో పోయాడు. అతనికి అంతకుముందే మఠం నూనె, అంటే క్లెమెంట్ పోపుది, పెట్టి ఉన్నారు. కోటవాళ్ళు గేటు తియ్యలేదు. శవం బండిలో ఎండలో ఉండిపోయింది. చివరికి అతని పెళ్ళాం, బావమరిది కలిసి ఊరి బయట, బండ్లు తిరిగే మలుపులో గొయ్యి తీశారు. ఆ బండి మా కిటికీ కిందినుంచే వెళ్ళింది.

"ఎవరు?" అంది అత్త.

నేను అబద్ధం చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. చెప్పేశాను.

"ఆ చెరిసగం స్వామిని పిలు," అంది ఆమె.

బిజాన్సియో స్వామి భయంభయంగా వచ్చాడు. అత్త సూటిగా అడిగింది. "రోముది పెట్టు."

"కుదరదు తల్లీ. ఒకే జబ్బుకి రెండుసార్లు పెట్టకూడదు."

"మొదటిది దొంగ నూనె అంటున్నారు కదా. అంటే పెట్టనట్టే కదా."

"ఆ మాట నేను ఒప్పుకుంటే నా చేత్తో నేను దొంగ నూనె పెట్టానని ఒప్పుకున్నట్టు. నన్ను ఉరి తీస్తారు. నువ్వు కోలుకుని, మళ్ళీ జబ్బు పడితే వేరు. కొత్త జబ్బుకి కొత్త నూనె. దానికి ఎవరూ అడ్డు చెప్పరు. కానీ..." ఆయన మంచం వైపు, చెక్కలా ఎండిపోయిన ఆమె కాళ్ళ వైపు చూసి మాట మింగేశాడు.

"ఎంత కోలుకోవాలి?" అంది అత్త.

"అంటే?"

"లేచి కూర్చుంటే చాలా? నడవాలా?"

"ఊరందరూ చూసి, ఆ, లేచిందిరా మనిషి, అనుకోవాలి."

"సరే," అంది అత్త. "అమ్మాయ్, ఆ చిక్కుడు ముద్ద పట్రా."

నేను ఆ మధ్యాహ్నం చూసినంత తిండి యుద్ధం ఎప్పుడూ చూడలేదు. ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకుని, కళ్ళు బిగించి, రాయి మింగినట్టు మింగేది. సగం బయటికి వచ్చేది. మళ్ళీ పెట్టించుకునేది. సబీనో తలుపు దగ్గర కూర్చుని చూస్తూ, "అమ్మా, వదిలెయ్యి. నిన్ను మన ఆలివ్ తోటలో పెట్టుకుంటాను, మంచి గోడ కడతాను," అన్నాడు.

"నువ్వు కట్టిన గోడలు వానకి పడిపోతున్నాయని పట్నంలో చెప్పుకుంటున్నారు," అంది ఆమె. "నన్ను లేపు."

అలా లేచింది. మొదట మంచం కోళ్ళు పట్టుకుని, తరవాత నా భుజం పట్టుకుని. ఒట్టి కాళ్ళు నేలకి తగలకూడదు కాబట్టి నా భర్త పాత తోలు జోళ్ళు గుడ్డలు కుక్కి తొడిగాను. అవి వేసుకుని ఆమె గదిలో నడుస్తుంటే మంచంలోంచి లేచినట్టు లేదు, ఓడ దిగినట్టుంది. ఆ చప్పుడుకి నేను పక్క గదిలోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

తిరుగుళ్ళు మొదలుపెట్టింది. ఎదురింటి గైతెల్గ్రీమా గుమ్మంలో నిలబడి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"ఓసి మబీలియా! నీకు నూనె పెట్టారు కదే! నా మొగుడికి కబురు చెప్పొస్తానన్నావు!"

"చెప్పాను. వాడు అక్కడ కూడా తాగే ఉన్నాడు. నువ్వింకా రావద్దంటున్నాడు."

సంతలోకి వెళ్ళింది. ఉల్లిపాయలమ్మే మరోత్తా దగ్గర ఆగి, ఒక్కో ఉల్లిపాయా తీసి చూసి, పారేసి, ఇవి ఉల్లిపాయలా, ఎలక బుర్రలా అని అడిగింది. మరోత్తా మండిపడి తిట్టడం మొదలుపెట్టింది. జనం మూగారు. నా పక్కటెముకల్లో ఆమె వేళ్ళు గుచ్చుకుంటున్నాయి, ఆమె బరువంతా నా మీదే ఉంది, ఆమె ఒళ్ళంతా వణుకుతోంది, అయినా నోరు మాత్రం తగ్గలేదు. జనానికి ఆ నోరే వినపడింది. "ఇది బతికింది రా బాబూ," అన్నారెవరో. అత్తకి కావలసిన మాట అదే. "పద," అంది నాతో చిన్నగా, "ఇంక నిలబడలేను."

మరుసటి ఆదివారం గుడిలో అందరూ చూస్తుండగా నిలబడింది. దళపతి మనిషి ఒకడు బిజాన్సియో స్వామిని అడిగాడు, దొంగ నూనె పెట్టించుకున్న ముసలిది ఇదేనా అని. స్వామి, పాపం, తన జన్మలో మొదటిసారి తడుముకోకుండా జవాబు చెప్పాడు.

"ఆ జబ్బు పోయింది. ఆమె ఆరోగ్యంగా ఉంది. నేను సాక్షిని."

ఇక జబ్బు పడటమే మిగిలింది. అదే కష్టమైంది. మొండితనంతో తిన్న ముద్దలు నిజంగానే ఒంటికి పట్టాయో ఏమో, జ్వరం వదిలేసింది. అత్త కిటికీ దగ్గర కూర్చుని రోజంతా కోట వైపే చూసేది. ఆమెకి దూరం చూపు ఆనదు. "పైన పట్టీ ఉందా?" అని అడిగేది. "ఉంది అత్తా." కాసేపటికి మళ్ళీ అడిగేది. లూయీ రాజు గుర్రాలు నది దగ్గర కనపడ్డాయని ఒకరూ, కాదు అవి ఎవరివో కంచరగాడిదలని ఒకరూ చెప్పేవారు. వినపడిన ప్రతి మాటకీ ఆమె నాడి పట్టుకుని చూసుకునేది.

"రావడం లేదే," అంది ఒకరోజు, కోపంగా. "అక్కర్లేనప్పుడు వచ్చింది, కావలసినప్పుడు రాదు. ఈ జెండా ఉండగానే రావాలి కదా!"

నాకు నవ్వొచ్చింది, ఆమెకీ వచ్చింది. ఇద్దరం నవ్వుతూ ఉండగానే ఆమె దగ్గడం మొదలుపెట్టింది. ఆ దగ్గు సాయంత్రానికీ ఆగలేదు. మరునాటికి ఒళ్ళు పొయ్యిలా కాలింది. ఈసారి జబ్బు రొమ్ములో కూర్చుంది. అత్త నాతో చెప్పలేదు కానీ, నేను చూశాను, ఆమె ముఖం తేలికపడింది.

బిజాన్సియో స్వామి పిలిచిన వెంటనే వచ్చాడు. ఈసారి రోము సీసా, వేరే ఏదీ కలపనిది. దళపతి మనిషి గుమ్మంలో నిలబడి చూశాడు. సబీనో మోకాళ్ళ మీద కూర్చుని పాదాల దగ్గర గుడ్డ పట్టుకున్నాడు. మధ్యలో వెనక తలుపు తీసుకుని ఒక గొర్రెల కాపరి జున్ను ముద్దతో లోపలికి వచ్చాడు. గొర్రెతోలు కోటు, ముఖమంతా గడ్డం. నేను అతన్ని వంటింట్లోకి నెట్టి తలుపు వేసేశాను. దళపతి మనిషి వెళ్ళాక తలుపు తీస్తే, రైనాల్దో పొయ్యి పక్కన తల వంచుకుని కూర్చున్నాడు.

"ఆ రోమువాడి నూనే పెట్టించుకుందా?" అన్నాడు.

"ఆ."

"సరే," అన్నాడు. "మా జెండా ఉన్న రోజుల్లో, నేను సమాధుల తోట గేటుకి కాపలా ఉన్నప్పుడు, మేమూ ముగ్గురి శవాల్ని తిప్పి పంపించాం వదినా. నేనే తాళం వేశాను."

అతను అమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆమె వాసన పట్టి, "గొర్రెలా కంపు కొడుతున్నావు," అంది. అతని తల మీద చెయ్యి వేసి, అక్కడే ఉంచింది.

మరునాడు పొద్దెక్కాక పోయింది.

మామూలుగా అయితే ఊరి ఆడవాళ్ళు వచ్చి జుట్టు విరబోసుకుని ఒక పగలూ ఒక రాత్రీ ఏడవాలి. శవానికి స్నానం చేయించి, చేతిలో కొవ్వొత్తి పెట్టి, పాటలు పాడాలి. గైతెల్గ్రీమా అప్పుడే నల్లగుడ్డ కప్పుకుని వచ్చి గొంతు సవరించుకుంటోంది. అంతలో నీళ్ళ దగ్గరి నుంచి ఎవరో పరుగెత్తుకుంటూ వచ్చి కేక వేశారు. గుర్రాలు. ఈసారి కంచరగాడిదలు కాదు. నది దాటుతున్నాయి. ఎర్ర అంచు జెండా.

కోటలో బూర ఊదారు. సంత అంతా తలుపులు మూసుకుంది. సబీనో నా వైపు చూశాడు. మేమిద్దరం ఒకే లెక్క వేసుకున్నాం. సాయంత్రానికి తాళం మళ్ళీ చేతులు మారుతుంది. సాయంత్రానికి మా అత్త ఒంటి మీద ఉన్నది దొంగ నూనె అవుతుంది.

"ఏడుపు తరవాత ఏడుద్దాం," అన్నాను గైతెల్గ్రీమాతో. "దుప్పటి పట్టుకో."

అత్తని నీళ్ళతో తుడవనైనా లేదు. పడుకున్న దుప్పట్లోనే చుట్టేశాం. సబీనో, రైనాల్దో చెరొక వైపు ఎత్తారు. వీధిలో ఎవరూ లేరు. సమాధుల తోట గేటు దగ్గర చార్లెస్ రాజు కాపలావాడు ఒక్కడే ఉన్నాడు, వాడి కళ్ళన్నీ నది వైపే ఉన్నాయి. బిజాన్సియో స్వామి పరుగున వచ్చి, "రోము నూనె, నేను పెట్టాను, తియ్యి," అన్నాడు. వాడు రైనాల్దో ముఖం వైపు ఒకసారి చూశాడు. గుర్తుపట్టాడనే నాకు అనిపించింది. తాళం తీసి, తాళంచెవి గేటుకే వదిలేసి, కోట వైపు పరుగెత్తాడు.

ఉత్తరం గోడ పక్కన ఆ చోటు ఖాళీగానే ఉంది. అన్నదమ్ములు తవ్వారు. సబీనోకి రాళ్ళ పని అలవాటు, అతను గునపంతో పెకలించాడు. రైనాల్దో చేతులతో, పారతో మట్టి ఎత్తిపోశాడు. అంతకుముందే నేనూ గైతెల్గ్రీమా పైన గడ్డిని మట్టితో సహా ముక్కలు ముక్కలుగా కోసి పక్కన వరసగా పెట్టాం, మళ్ళీ పరవడానికి. డప్పులు కొండ మలుపు తిరిగాయి.

"లోతు చాల్లే," అన్నాడు రైనాల్దో.

"ఇంకొంచెం. నక్కలు తవ్వుతాయి," అన్నాడు సబీనో.

"నక్కలు కాదురా, మా వాళ్ళు తవ్వుతారు. అందుకే త్వరగా మూసేద్దాం అంటున్నాను."

దింపాం. స్వామి ప్రార్థన చదువుతుంటే సగం మాటలు డప్పుల్లో కలిసిపోయాయి. మట్టి కప్పి, తొక్కి, మిగిలిన మట్టిని కొంగుల్లో మూటగట్టి గోడ అవతల పారేశాం. గడ్డి ముక్కలు ఒక్కోటి పేర్చి, అతుకులు కనపడకుండా వేళ్ళతో దువ్వాం. నూతి నుంచి నీళ్ళు తెచ్చి చిలకరించాం. అన్నదమ్ములిద్దరూ దాని మీద అటూ ఇటూ నడిచి చదును చేశారు.

కోట మీద పట్టీ జెండా దిగిపోతోంది. రైనాల్దో గొర్రెతోలు కోటు విప్పి తమ్ముడి మీద వేశాడు.

"ఇప్పుడు నీ వంతు. రోము పక్షం వాళ్ళని ఈసారి మా వాళ్ళు వదలరు. ఎగువ దొడ్డి దగ్గర నేను పడుకునే గుడిసె ఉంది. కుక్కని పేరు పెట్టి పిలిస్తే కరవదు."

"ఏం పేరు?"

"పోపు."

సబీనో నవ్వలేదు. కోటు బొందులు కట్టుకుంటూ అన్నాడు, "ఏ పోపు?"

"వాడికి అన్నం ఎవరు పెడితే వాళ్ళ పోపు. పో ఇంక."

సబీనో గోడ దూకి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఎర్ర అంచు దళపతి మనుషులు వచ్చి, పట్టీ జెండా ఉన్న రోజుల్లో ఎవరెవర్ని పూడ్చారని అడిగారు. ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు. వాళ్ళు ఈటెలు పట్టుకుని సమాధుల తోటంతా గుచ్చి చూశారు. మళ్ళీ కాపలాలో చేరిన రైనాల్దో కూడా వాళ్ళతో ఉన్నాడు. ఉత్తరం గోడ దగ్గర తానే గుచ్చుతానని ముందుకెళ్ళి, అన్నిచోట్లా గుచ్చి, ఇక్కడ ఏమీ లేదన్నాడు.

గడ్డి తొందరగానే అతుక్కుంది. వానలు పడ్డాక పెరిగింది. జెండా ఆ తరవాత ఎన్నిసార్లు మారిందో నేను పట్టించుకోవడం మానేశాను. సబీనో తిరిగొచ్చాడు, రైనాల్దో వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. పాస్కా పండుగకి మేం ముగ్గురం ఉత్తరం గోడ దగ్గరికి వెళ్తాం. మేం ఎంత బాగా చదును చేశామంటే, ఆమె ఎక్కడుందో ఇప్పుడు మాకే తెలియదు. రైనాల్దో ఇక్కడంటాడు, సబీనో కాదు అక్కడంటాడు, గోడ రాళ్ళు లెక్కపెడతాడు, ఇద్దరూ వాదించుకుంటారు. నేను గోడ మొదటి నుంచి చివరి దాకా మెల్లగా నడుస్తాను, ఎక్కడో ఒకచోట ఆ ఐదుగురినీ దాటే ఉంటానని.